వెనక గది చాపలు

చోఫు, టోక్యో
జనవరి 22

ఇసోయె అక్కకి,

ఉత్తరం మొదట వాతావరణం సంగతి రాయాలని బడిలో మనకి నేర్పారు. అకితాలో జనవరిలో మంచు పడుతుందని నేను రాయడం, దాన్ని నువ్వు చదవడం... డెబ్భై ఎనిమిదేళ్ళ వయసులో ఈ తతంగం నా వల్ల కాదు. మోకాళ్ళు తప్ప మిగతావన్నీ పనిచేస్తున్నాయి. విషయానికి వస్తాను.

కురూషిమా పోయాడని పేపర్లో చూసే ఉంటావు. వాడి మీద వచ్చిన వ్యాసాలన్నీ కత్తిరించి మరీ చదివాను. పోయినవాళ్ళ గురించి చెడు రాయకూడదంటారు. మంచి రాయడానికి మాత్రం ఆధారం అక్కర్లేదనుకుంటాను. ఒకడైతే 'భయాన్ని చాపల్లో దాచిన మహా దర్శకుడు' అన్నాడు. నవ్వితే దగ్గొచ్చింది.

ఇప్పుడు 'నాలుగు మూలలు' సినిమాని శుభ్రం చేసి ఏప్రిల్‌లో మళ్ళీ తెర మీద వేస్తారట. ఊయెదాలో మన ఇంట్లో తీసిన సినిమా. నువ్వు చూడనని ఒట్టు పెట్టుకున్నావు కనక కథ చెబుతాను. ఒక బడిపంతులి భార్య పాత ఇంట్లో కాపురానికి వస్తుంది. దెయ్యం ఒక్కసారి కూడా కనపడదు. కేకలుండవు, నెత్తురుండదు. ఆమెకి మాత్రం రోజు రోజుకీ ఇల్లు బరువెక్కుతున్నట్టు ఉంటుంది. మొదట వీధిగదిలో నిలబడలేకపోతుంది, తర్వాత టీ గదిలో. గంటన్నర గడిచేసరికి ఆమెకి మిగిలేది వెనక గది ఒక్కటే. అంతే కథ.

పోయిన వారం ఒగివారా అనే అమ్మాయి వచ్చింది. పాత సినిమాలు భద్రపరిచే చోట పని. ముప్ఫై ఏళ్ళుంటాయి. మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డి దట్టంగా కూరి గది కొలతకి కోసి నేలంతా పలకల్లా బిగించే మన చాప అంటే ఏమిటో నాకు పాఠం చెప్పింది. చాపలవాడి కొడుకుకి!

"తాతగారూ, మామూలుగా గదిలో నాలుగు చాపల మూలలు ఒకే చోట కలవకుండా పరుస్తారు కదండీ. చావు జరిగిన ఇంట్లోనే నాలుగూ కలిసేలా వరసగా పరుస్తారు. సినిమాలో ఒక్కో గదీ అలా మారిపోతుంది. చూసేవాళ్ళు పోల్చుకోలేరు, ఒంటికి మాత్రం తెలుస్తుంది. ఎంత గొప్ప ఆలోచనండీ కురూషిమాగారిది!"

"అలాగా," అన్నాను.

"మీరు అప్పుడు సామాన్లు మోసే పనిలో ఉండేవారా?"

అక్కా, పాత యుద్ధ చరిత్రలు అటకెత్తు చదివాను. కోట గెలిచినవాడిగా రాజు పేరే ఉంటుంది, గోడెక్కినవాడి పేరు ఉండదు. చదివినప్పుడు తలూపి పేజీ తిప్పేశాను. ఆ గోడెక్కినవాణ్ణి నేనే అయ్యేసరికి తల ఊగలేదు.

నేను ఆ సినిమాకి కళా దర్శకుణ్ణి. తెర మీద నా పేరు లేదు. ఎందుకు లేదో నీకు తెలుసు. వెనక గది సంగతి మీద కురూషిమా చెంప పగలగొట్టాను, వాడు నా పేరు కొట్టేశాడు. కాగితం మీద సాక్ష్యం ఉంటే కొత్త ప్రతిలో పేరు వేస్తామని ఆ అమ్మాయి అంది. ఊయెదా ఇల్లు వదిలినప్పుడు నువ్వు తీసుకెళ్ళిన సామానులో నీలం అట్ట పుస్తకం ఒకటి ఉంటుంది. తలుపుల కొలతలూ అవీ గీసుకున్నది, అంతే. అది పంపించు.

నీ తమ్ముడు
తొకుజి


కకునోదాతె, అకితా
ఫిబ్రవరి 3

ఒరే తొకుజీ,

రెండేళ్ళ తర్వాత నీ నుంచి ఉత్తరం. బాగున్నావా అని ఒక్క ముక్క లేదు, పుస్తకం పంపమని మాత్రం ఉంది. బాగానే ఉన్నాను, అడగనందుకు సంతోషం. ఇవాళ పక్కింటి పిల్లలు వచ్చి, దెయ్యాలు బయటికి పోవాలని వేయించిన సోయా గింజలు చల్లిపోయారు. వయసుకి ఒకటి చొప్పున తినాలి కదా, ఎనభై నాలుగు తినేసరికి దవడ నొప్పెట్టింది.

నీ పుస్తకం ఉంది. టీ డబ్బాలు దాచే చెక్కపెట్టె అడుగున. నలభై ఏళ్ళుగా దాన్ని విప్పలేదు. నీ ఉత్తరం వచ్చాక విప్పాను.

తలుపుల కొలతలు లేవురా అందులో. మొదటి పేజీలోనే మన ఇల్లుంది. అయిదు గదులు, చాపలు మామూలుగా ఉన్నట్టు ఒక బొమ్మ, మార్చినట్టు ఒక బొమ్మ. 'వీధి వైపు నుంచి లోపలికి, పది రోజులకి ఒక గది' అని నీ రాత. పైన తేదీ మే 11. కురూషిమా మన ఇంటికి మొట్టమొదట వచ్చింది ఆగస్టులో. కర్బూజా కోసి పెట్టింది నేనే, నాకు గుర్తుంది.

అమ్మ పోయిన రోజు నిన్ను అడిగాను, గుర్తుందా? దహనానికి తీసుకెళ్ళడానికి బండి వచ్చే ముందు, వంటింట్లో.

"అమ్మ మంచంపట్టి ఉండగా ఇంట్లో చాపలు చావు వరసలో పరవమన్నది ఎవర్రా?"

"కురూషిమా. వద్దంటే నన్ను తీసేసేవాడు. ఏం చెయ్యను అక్కా?" అన్నావు. ఏడ్చావు కూడా. చెయ్యి పట్టుకుని నిన్ను ఓదార్చాను.

ఇప్పుడు నువ్వు జనానికి చెప్పాలనుకుంటున్నది, ఆ ఆలోచన నీదేనని. అవునా? అవునంటే అవునని రాయి. కాదంటే కాదని రాయి. పుస్తకం పంపాలా, పొయ్యిలో పెట్టాలా అన్నది అప్పుడు చూస్తాను.

ఇసోయె


చోఫు
ఫిబ్రవరి 16

అక్కకి,

నీ ఉత్తరం ఒక్క కాగితమే. మామూలు ఉత్తరమైతే ఏమీ రాయకపోయినా రెండో కాగితం జత చేస్తారు. సంతాపానికి రాసేవాళ్ళే ఒక్కదానితో సరిపెడతారు. నలభై ఏళ్ళ నుంచి నువ్వు నాకు ఒక్క కాగితమే రాస్తున్నావు. గమనించనట్టు నటించాను.

నన్ను నిలదీస్తున్నావు కనక చెప్తాను. కానీ నా దారిలో చెప్తాను.

ఆ ఏడాది నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. పదహారు సినిమాలకి గోడలు కట్టాను, పడగొట్టాను. కురూషిమా నాకంటే రెండేళ్ళు చిన్నవాడు, అప్పటికే వాణ్ణి అందరూ 'గురువుగారూ' అనేవాళ్ళు. దెయ్యమిల్లు సినిమా తియ్యమని కంపెనీ వాడి నెత్తిన పెట్టింది. ఒక్క ఆలోచన లేదు. అద్దంలో తెల్లటి మొహం, బావిలోంచి చెయ్యి, అవే తిప్పి తిప్పి చెప్పేవాడు. తాగే చోట ఒకరోజు నేనన్నాను: "గురువుగారూ, మనవాళ్ళకి భయం కంటి లోంచి రాదండీ, అరికాలి లోంచి వస్తుంది."

వాడు గ్లాసు దించి నా వైపు చూశాడు. అంతే. మర్నాటికి ఆ మాట వాడిది.

షూటింగు జరిగినన్నాళ్ళూ వాడు మన వసారాలో కూర్చుని పండిన పెర్సిమన్ పళ్ళు జుర్రుకుంటూ నన్ను పలకరించేవాడు: "ఒరే చాపలోడా, ఇవాళ ఏ గదిని చంపావురా?" అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను.

మన ఇల్లే ఎందుకంటావా? నాన్న కోసిన చాపలు. ఏ చాప ఏ చోటిదో వెనక సిరాతో రాసి ఉంటుంది. స్టూడియోలో కొత్త చాపలు వేస్తే అవి బొమ్మ చాపలు. మన ఇంటివి నాన్న చేతివి. వాటిని తప్పుగా పరిస్తేనే తప్పు తెలుస్తుంది. కంపెనీ ఇంటికి అద్దె కూడా ఇస్తానంది, అమ్మ మందులకి వస్తుందనుకున్నాను. అమ్మకి కళ్ళు దాదాపు పోయాయి, ఏం మారినా ఆమెకి తెలియదు అనుకున్నాను. వెనక గది ముట్టుకోకూడదని మొదటి నుంచీ నా షరతు. నాలుగు గదులే నావి. పుస్తకంలో అయిదు గీశాను, నిజమే. గీయడం వేరు, చెయ్యడం వేరు.

జారుడు తలుపులకి అంటించే కాగితం తేవడానికి టోక్యో వెళ్ళాను, మూడు రోజులు. తిరిగొచ్చేసరికి వెనక గది మార్చేశారు, షాటు కూడా తీసేశారు. అమ్మని వసారాలో కూర్చోబెట్టి! కురూషిమా "మేం ముట్టుకోలేదయ్యా, అలాగే ఉంది, తీశాం" అన్నాడు. అలాగే ఉందట! చాపలకి కాళ్ళొచ్చి నడిచాయట! అప్పుడే కొట్టాను. నాలుగు రోజులకి ఆ గదిలోనే అమ్మ పోయింది.

ఇంకో సంగతి. ఇప్పుడు పండితులంతా పేజీలు పేజీలు రాసేది ఆ ఆఖరి షాటు గురించే. చాపల మధ్య వేలెడు సందు, అందులోంచి చీకటి చూస్తున్నట్టు ఉంటుందట. అది వాడి కుర్రాళ్ళ చేతకానితనం! ఏ చోటుకి కోసిన చాపని ఆ చోటు నుంచి తీసి ఇంకో చోట వేస్తే సందు రాదా? నేనైతే మూల చెక్కి అతికించేవాణ్ణి. అమ్మని చంపినది, నా పేరు చెరిపేసినది, నలభై ఏళ్ళుగా మెచ్చుకోలు తింటున్నది, మూడూ ఆ ఒక్క గదే.

సరే. అవును, ఆలోచన నాది. ఆ రోజు వంటింట్లో నీకు అబద్ధం చెప్పాను. రాశాను, చాలా?

ఇన్నేళ్ళుగా ఈ అపార్ట్‌మెంటులో చాపలు వెయ్యలేదు. చెక్క నేల. వచ్చినవాళ్ళు శుభ్రంగా ఉందంటారు.

తొకుజి


కకునోదాతె
మార్చి 9

తొకుజీ,

మా ఇంట్లోనూ చాపలు లేవు. అమ్మ పోయాక, నలభై అయిదో ఏట పెళ్ళై వచ్చిన ఏడాదే మా ఆయన్ని అడిగి అన్నీ తీయించి పలకలు కొట్టించాను. "చాపలవాడి కూతురివి, ఇదేం పిచ్చి?" అన్నాడు పాపం. చెప్పలేదు. ఆయన పోయేదాకా చెప్పలేదు.

నువ్వు 'చాలా?' అని అడిగావు. చాలదు. కానీ అక్కడ నా తప్పు కూడా ఉంది కనక ముందు నేను చెప్తాను. పూర్తిగా చదువు, మధ్యలో లేచి తిరక్కు.

అమ్మకి తెలియదనుకున్నావు. నలభై ఏళ్ళు చాపలు కుట్టేవాడితో కాపురం చేసిన మనిషికి తెలియదా? కళ్ళు పోయాక అమ్మ అరికాళ్ళతోనే నడిచేది. చాపల అంచు గుడ్డ ఎక్కడ తగులుతుందో, ఎన్నడుగులకి తగులుతుందో అంతా పాదానికి తెలుసు. వీధిగది మార్చిన మర్నాడే గుమ్మంలో ఆగిపోయింది.

"ఇసోయె, ఎవరు పోయారే?"

"ఎవరూ పోలేదమ్మా."

పాదంతో తడిమింది. "తొకుజి చెయ్యి ఇది. వాడు చాప ఎత్తితే ఎప్పుడూ ఉత్తరం మూల నుంచే ఎత్తుతాడు, అక్కడ గడ్డి కాస్త నలుగుతుంది. మీ నాన్న ఎన్ని మొట్టికాయలు వేసినా మారలేదు."

కాబట్టి వంటింట్లో నువ్వు కురూషిమా పేరు చెప్పినప్పుడు నాకు తెలుసు. తెలిసే నీ చెయ్యి పట్టుకున్నాను. నువ్వే సరిచేసుకుంటావని ఆ సాయంత్రం దాకా చూశాను. తర్వాత నలభై తొమ్మిదో రోజు కర్మ దాకా. తర్వాత చూడడం మానేశాను.

నువ్వు ఆపుతావేమోనని అమ్మ నీతో అనలేదు. "వాడికి ఇన్నాళ్ళకి సొంత పని దొరికింది" అంది. అలా అందని అమ్మకి భయం లేదనుకోకు. భయపడింది, తమ్ముడూ. టీ గది మారాక అటు నడవడం మానేసింది. మధ్య గది మారాక స్నానానికి నేను ఎత్తుకుని తీసుకెళ్ళేదాన్ని. చెవి దగ్గర "ఇప్పుడు ఎక్కడున్నాం?" అనేది. "మధ్య గది" అంటే కాళ్ళు ముడుచుకునేది, నేల తగలకుండా. వీధి నుంచి ఏదో ఒక్కో గదీ దాటి తన వైపు వస్తున్నట్టు కూర్చునేది. నువ్వు సాయంత్రం వచ్చి మంచం పక్కన కూర్చుంటే మాత్రం నవ్వు మొహంతో "ఇవాళ పని సాగిందా?" అని అడిగేది. "సాగిందమ్మా" అనేవాడివి.

నువ్వు టోక్యో వెళ్ళిన రెండో రోజు, మధ్యాహ్నం. సినిమావాళ్ళు సోబా నూడుల్స్ తినడానికి బజారుకెళ్ళారు. అమ్మ పిలిచింది.

"ఇసోయె, నాన్న చాపలెత్తే కొక్కెం ఎక్కడుంది?"

"ఎందుకమ్మా?"

"ఈ గది కూడా మార్చెయ్యి."

"నీకేమైనా పిచ్చా?"

"పిచ్చి పట్టకూడదనే. అది ఎప్పుడొస్తుందా అని గుమ్మం వైపు చెవి పెట్టుకుని ఎన్నాళ్ళు కూర్చోనే? వచ్చేసిందనుకుంటే నిద్ర పడుతుంది. వాడు చెయ్యడు. వాడికి చేతులు రావు. నువ్వు చెయ్యి."

నేను ఒప్పుకోలేదు. అమ్మ మంచం మీంచి దిగి, తనే మూల గోళ్ళతో లాగడం మొదలుపెట్టింది. అప్పుడు ఎత్తుకెళ్ళి వసారాలో బొంత కప్పి కూర్చోబెట్టాను. అక్కడి నుంచి అమ్మ చెప్పింది, నేను చేశాను. "ఆరు చాపలూ తిప్పక్కర్లేదు. గోడ వైపువి ఉంచు. మోకాలితో నెట్టు, నడుముతో కాదు." చచ్చేటంత బరువు. నాకు నలభై నాలుగేళ్ళు, నాన్న నాకు పని నేర్పలేదు, ఆడపిల్లనని. ఎంత నెట్టినా మధ్యలో సందు మిగిలింది.

"సందు వచ్చిందమ్మా" అన్నాను.

"ఎంత?"

"వేలెడు."

"పోనీలే. మీ నాన్న చూడడుగా" అంది, నవ్వింది. ఆ వారంలో అమ్మ నిజంగా నవ్వింది అప్పుడొక్కసారే.

అంతలో కురూషిమా వచ్చాడు. గుమ్మంలో నిలబడి చాపల వైపు చూశాడు. తర్వాత కెమెరా తెమ్మన్నాడు. వాడు ముట్టుకోలేదు, తొకుజీ. వాడు నీతో నిజమే చెప్పాడు. వాణ్ణి నువ్వు కొడుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను. నోరు తెరవలేదు. తెరిస్తే, గది మార్చి అమ్మని చంపింది నేనే అవుతాను. అమ్మ ఆ తర్వాత రాత్రులన్నీ ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది. అది నిద్రో, లొంగిపోవడమో నాకు ఇప్పటికీ తెలియదు.

నీ పేరు పోయింది నీ అబద్ధం వల్ల కాదు, నా మౌనం వల్ల. పుస్తకం దీనితో పంపుతున్నాను. నువ్వు ఏం చేసుకున్నా సరే. చెప్తే మాత్రం మొత్తం చెప్పు. సగం చెప్పేవాళ్ళు మన ఇంట్లో ఇద్దరున్నారు, చాలు.

ఇసోయె


చోఫు
ఏప్రిల్ 21

అక్కా,

ఆరు వారాలు జవాబు రాయలేదు. రాసి చింపేశాను, నాలుగు సార్లు. మొదటిదాంట్లో నిన్ను తిట్టాను, రెండోదాంట్లో అమ్మని. మూడోది కురూషిమాకి రాశాను, వాడు లేడని సగంలో గుర్తొచ్చింది.

నలభై ఏళ్ళు వాడి మీద కోపం నాకు అన్నం పెట్టింది. పొద్దున్నే లేవడానికి అదొక కారణం. ఎవరైనా వాడి పేరు మంచిగా తలిస్తే ఆ రోజంతా నాకు చురుకు. ఇప్పుడు వాడొక్క విషయంలో నిర్దోషి అని తేలాక, మిగిలిన విషయాల్లో దొంగే అయినా, తిట్టడానికి నాలుక లేవడం లేదు. ముసలితనం అంటే మోకాళ్ళే అనుకున్నాను.

నిన్న సినిమా వేశారు. రెండు వందల మంది. సగం మంది పాతికేళ్ళలోపు వాళ్ళు. ఎవరూ అరవలేదు. మధ్య గది మారేచోట నా పక్కనున్న పిల్ల చెప్పులు విప్పేసి కాళ్ళు కుర్చీ మీదికి ముడుచుకుంది. ఎందుకు ముడుచుకుందో ఆమెకి తెలియదు. నేను తెర వైపు చూడలేకపోయాను. ఆమె కాళ్ళ వైపూ చూడలేకపోయాను.

అయిపోయాక ఒగివారా నన్ను వేదిక ఎక్కించింది. నీలం పుస్తకం గాజు పెట్టెలో పెట్టారు, మే 11 పేజీ విప్పి. "ఈ ఆలోచన అసలు ఎవరిదో ఈ రోజు మనకి తెలిసింది" అంది. చప్పట్లు కొట్టారు. అక్కా, ఆ చప్పట్ల కోసమే బతికానని నీకు తెలుసు. అవి తగ్గేదాకా ఆగాను, అంతవరకు సిగ్గుపడను.

తర్వాత చెప్పాను. ఆ ఇల్లు మాదని, వెనక గదిలో మా అమ్మ ఉందని, చూపు లేదని, ఆమెకి తెలియదనుకున్నానని, తెలుసని. కురూషిమాని అన్యాయంగా కొట్టానని. ఆయన ఏ గదీ ముట్టుకోలేదని. 'ఆయన' అన్నాను, విను. అయిదు గదులూ నేనే మార్చానని చెప్పాను.

ఒక కుర్రాడు లేచి అడిగాడు: "మరి ఆఖరి గదిలో ఆ సందు? కావాలని వదిలారా?"

"లేదు బాబూ. తొందరలో సరిగ్గా అతకలేదు. చాపలవాడి కొడుకు చెయ్యదగిన పని కాదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బయట టీ ఇచ్చారు. నా చుట్టూ ఒక చాపంత ఖాళీ ఉంది. ఒగివారా ఒక్కతే వచ్చి, "పేరు వేస్తామండీ, మాట ఇచ్చాం కదా" అంది. గొంతులో గౌరవం పోయింది. 'తాతగారూ' అన్న పిలుపూ పోయింది. కొత్త ప్రతిలో కళా దర్శకత్వం కింద నా పేరు, చాపల అమరిక అయిదు గదులూ అని కింద ఒక ముక్క. నిన్న వేసింది పాత పేర్లతోనే, జూన్‌లో పేర్లు మార్చి మళ్ళీ ప్రతి తీస్తారట.

కావలసింది వచ్చింది. ఒక కునుకు తీయాలనుంది.

తొకుజి


కకునోదాతె
మే 2

తొకుజీ,

ఇక్కడ చెర్రీలు పూశాయి. నడుము వంగిన ముసలాళ్ళందరినీ పిల్లలు చక్రాల బండ్లలో తిప్పుతున్నారు. నన్నూ తిప్పారు. సరే.

మొత్తం చెప్పమన్నాను. నువ్వు మళ్ళీ అబద్ధమే చెప్పావు. నీకు నష్టం వచ్చే అబద్ధం చెప్పడం మాత్రం ఇదే మొదలు, అది ఒప్పుకుంటాను. నాన్న చేతిపనికి మచ్చ తెచ్చానని రెండు వందల మంది ముందు చెప్పడానికి నీకెంత కష్టమైందో నాకు తెలియనిది కాదు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అన్నం చల్లారిపోయింది.

కానీ ఒప్పుకోను.

ఆ ఒగివారాకి ఇవాళ పొద్దున ఉత్తరం రాశాను. ఎవరిచేతా రాయించలేదు, నేనే రాశాను. వీధిగది, టీ గది, మధ్య గది, పెద్ద గది మా తమ్ముడివి, వెనక గది వాడిది కాదు, జూన్‌లో కొత్త ప్రతి తీసే ముందు అది దిద్దండి అని రాశాను. ఎవరిదని అడిగితే నాదని చెప్పమన్నాను. నా పేరు తెర మీద వెయ్యక్కర్లేదు. వాళ్ళు నిన్ను చూసినట్టు నన్నూ చూస్తే చూడనీ, అంత దూరం నుంచి నాకు కనపడదులే.

నాకు అడ్డం నిలబడాలనుకున్నావు. ఆడపిల్లనని నాన్న నాకు కొక్కెం ముట్టనివ్వలేదు. అమ్మ ఇచ్చింది. జీవితంలో అమ్మ నాతో చేయించిన ఆఖరి పని అది, మంచో చెడో. వసారాలో కూర్చుని తను చెప్పింది, నేను చేశాను, సందు వచ్చింది, నవ్వింది. ఆ గది కూడా నువ్వే తీసేసుకుంటే నాకేం మిగులుతుంది రా?

అక్కడ నీ పేరు తీసెయ్యమను.

ఇసోయె